జడ్జీల్లో 36 శాతం, ప్లీడర్లలో 15 శాతం: మన ఆడపిల్లలు ఎక్కడ ఆగిపోతున్నారు?

నెల్లూరు కోర్టులో ఏ సోమవారమైనా ఉదయం పదింపావుకి నిలబడి చూడండి. నల్లకోట్లు వేసుకుని మెట్లెక్కే జూనియర్లలో అమ్మాయిలు తక్కువేం కాదు. చంకలో ఫైళ్లు, ఫోన్‌లో ఆ రోజు కాజ్ లిస్టు, అంటే విచారణకొచ్చే కేసుల జాబితా. అదే రోజు మధ్యాహ్నం మూడింటికి పెద్ద సివిల్ దావాలో ఆర్గ్యుమెంట్లు జరిగే హాల్లోకి వెళ్లండి. ముందు వరస కుర్చీల్లో ఉన్న సీనియర్లలో ఆడవాళ్లను ఒక చేతి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఉదయం మెట్లెక్కిన వాళ్లంతా ఏమైపోతున్నారు? ఇరవై ఏళ్లుగా నన్ను నేను అడుక్కుంటున్న ప్రశ్న ఇది. నేనూ ఆ మెట్లెక్కినదాన్నే.

ఎవరినడిగినా ఒకటే జవాబు. "పెళ్లవుతుంది, పిల్లలు పుడతారు, ఇంక ప్రాక్టీసేం చేస్తారు మేడం?" ఈ మాట సగమే నిజం. నాతో పాటు లా చదివి, పరీక్ష రాసి సివిల్ జడ్జీలైన వాళ్లకూ పెళ్లిళ్లయ్యాయి, పిల్లలు పుట్టారు. పైగా ఊరూరికీ బదిలీలు. అయినా వాళ్లెవరూ మానలేదు. ఒకే కాలేజీ, ఒకే చదువు, దాదాపు ఒకేలాంటి ఇళ్లు. ఒకరు బెంచి మీద నిలదొక్కుకున్నారు, ఇంకొకరు బెంచి ముందు నిలదొక్కుకోలేకపోయారు. కారణం పెళ్లే అయితే ఇద్దరూ ఆగిపోవాలి కదా!

లెక్కలు చూద్దాం. సుప్రీంకోర్టు పరిశోధన విభాగం 2023లో ఇచ్చిన నివేదిక ప్రకారం దేశంలోని జిల్లా స్థాయి, కింది కోర్టుల జడ్జీల్లో మహిళలు 36.3 శాతం. హైకోర్టులకు వెళ్తే అది 13.4 శాతానికి పడిపోతుంది. సుప్రీంకోర్టులో 9.3 శాతం. ఇక లాయర్ల సంగతి. 2021లో అప్పటి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎన్.వి. రమణ ఒక సభలో చెప్పిన ప్రకారం, సుమారు 17 లక్షల మంది అడ్వకేట్లలో మహిళలు 15 శాతం. లాయర్లను నియంత్రించే రాష్ట్ర బార్ కౌన్సిళ్లకు ఎన్నికైన వాళ్లలోనైతే 2 శాతమే.

36 కనిపించిన చోట మనిషిని ఎంచేది పరీక్ష. సివిల్ జడ్జి పోస్టుకి స్క్రీనింగ్, రాతపరీక్ష, ఆ తర్వాత వైవా ఉంటాయి. పేపరు దిద్దేవాళ్లకు రాసింది ఆడో మగో తెలియదు. మిగతా చోట్ల మనిషిని ఎంచేది మనిషే. ప్లీడరుని క్లయింటు ఎంచుకుంటాడు, బార్ కౌన్సిల్ సభ్యుణ్ని తోటి లాయర్లు ఎన్నుకుంటారు, హైకోర్టు జడ్జి పేరుని కొలీజియం, అంటే సీనియర్ జడ్జీల బృందం, సూచిస్తుంది. మన రాష్ట్రంలో సివిల్ జడ్జీల నియామకాల్లో మూడో వంతు మహిళలకు రిజర్వేషన్ ఉందని, ఆ 36లో అలాంటి రిజర్వేషన్ల పాలు కూడా ఉందని ఒప్పుకోవాలి. అయితే రిజర్వేషన్ ఉన్నా పరీక్ష పాసవ్వాల్సిందే. కాబట్టి వృత్తుల్లోకి తలుపులు రెండు రకాలని నాకనిపిస్తుంది. ఒకటి పరీక్ష తలుపు, రెండోది పరిచయం తలుపు. మన అమ్మాయిలు మొదటిదాన్ని తోసుకుని వెళ్లిపోతున్నారు. రెండోదాని దగ్గర నిలబడిపోతున్నారు.

లా ఒక్కటే ఇలా ఉందనుకోకండి. 2024 నీట్‌కి రిజిస్టరైన 24 లక్షల పైచిలుకు మందిలో 13 లక్షలకు మించి అమ్మాయిలే. 2022 సివిల్ సర్వీసుల్లో మొదటి నాలుగు ర్యాంకులూ అమ్మాయిలవే, మూడో ర్యాంకు మన తెలుగమ్మాయి ఎన్. ఉమా హారతిది. అవన్నీ పరీక్ష తలుపులే. కానీ ఎంబీబీఎస్ దాటాక సర్జరీలో చెయ్యి తిరగాలంటే పెద్ద డాక్టరు పక్కన నిలబెట్టుకుని కత్తి చేతికివ్వాలి. అది పరిచయం తలుపు. మన నెల్లూరు పొగతోటలో ఆస్పత్రి బోర్డులు చదువుకుంటూ నడవండి, ఆడ డాక్టర్ల పేర్ల కింద ఏ స్పెషాలిటీ ఎక్కువగా కనిపిస్తుందో మీకే తెలుస్తుంది. డాక్టర్ల సంగతి ఇంతవరకే చెప్పగలను. నేను దగ్గర్నుంచి చూసింది కోర్టునే.

ఒకప్పుడు ఈ తలుపుకి చట్టమే తాళం వేసింది. 1916లో రెజీనా గుహకు కలకత్తా హైకోర్టు, 1921లో సుధాంశుబాల హజ్రాకు పాట్నా హైకోర్టు, ఆడవాళ్లను ప్లీడర్లుగా నమోదు చేసుకోవడం కుదరదని చెప్పేశాయి. 1923లో లీగల్ ప్రాక్టీషనర్స్ (మహిళల) చట్టం వచ్చి ఆ తాళం తీసింది. అదే 1923లో నెల్లూరులో పొణకా కనకమ్మ ఆడపిల్లల కోసం కస్తూరిదేవి విద్యాలయం పెట్టారు. మా పెద్దమ్మ చదివిన బడి అది. చట్టం తాళం తీసిన ఏడాదే ఇక్కడొక ఆవిడ ఆడపిల్లలకు అక్షరాలు నేర్పే పనికి పూనుకుందన్నమాట, ఈ రెండు తేదీలూ పక్కపక్కన చూసినప్పుడల్లా నాకు గర్వంగా ఉంటుంది. కానీ తాళం తీశాక కూడా ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో తొలి మహిళా జడ్జిగా కె. అమరేశ్వరి కూర్చోవడానికి 1978 దాకా, అంటే 55 ఏళ్లు పట్టింది.

తాళం తీసినా తలుపు ఎందుకు తెరుచుకోదో చెబుతాను. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిబంధనల్లో 36వది లాయరు ప్రకటనలు ఇచ్చుకోకూడదంటుంది. బోర్డు కూడా మామూలు సైజులోనే ఉండాలి. వృత్తి గౌరవం కోసం పెట్టిన మంచి నిబంధనే. దాని వల్ల క్లయింటు రావడానికి మిగిలిన దారి మాత్రం ఒక్కటే, ఎవరో ఒకరు పేరు చెప్పాలి. ఇందుకూరుపేట రైతుకి పక్క కయ్య (మడి) వాడితో గెనిమ (పొలం గట్టు) తగాదా వచ్చిందనుకోండి. ఆయన ముందు ఊళ్లో పెద్దమనిషిని అడుగుతాడు. ఆ పెద్దమనిషి తనతో పాటు టీ తాగే ప్లీడరు పేరో, పెళ్లి పందిట్లో పరిచయమైన ప్లీడరు పేరో చెబుతాడు. రాత్రి తొమ్మిదింటి దాకా బంకు దగ్గర నిలబడి నాలుగు మాటలు చెప్పగలిగిన కుర్రవాడికి పరిచయాలు వాటంతటవే పెరుగుతాయి. అమ్మాయికి ఆ బంకూ లేదు, ఆ తొమ్మిదీ లేదు.

నా మొదటి ఏళ్లలో మోటారు ప్రమాదం కేసు ఒకటి నా చేతికొచ్చింది. హైవే మీద లారీ గుద్ది చనిపోయిన మనిషి కుటుంబం. మూడు రాత్రులు కూర్చుని క్రాస్‌లో, అంటే ఎదుటి పక్షం సాక్షిని విచారించేటప్పుడు, అడగాల్సిన ప్రశ్నలు రాసుకున్నాను. హాలు బయట చనిపోయినాయన తమ్ముడు నన్ను చూసి, నా వెనక్కి చూసి, "సార్ రాలేదామ్మా?" అన్నాడు. రాలేదు, నేను చేస్తానన్నాను. "వద్దు మా, సార్ ఉన్నప్పుడే నడిపిద్దాం, ఇవాళ వాయిదా తీసుకోండి." ఆయన మీద నాకు కోపం లేదు, అన్నని పోగొట్టుకున్నవాడు భయపడతాడు. సాయంత్రం మా సీనియర్‌కి చెబితే "సరేలే, నేనే చేస్తాను" అన్నారు. ఆయన అప్పుడు "ఆ అమ్మాయే చేస్తుంది, నేను పక్కన కూర్చుంటాను" అని ఆ తమ్ముడికి ఒక్క మాట చెప్పి ఉంటే నా ప్రాక్టీసు రెండేళ్లు ముందుకు జరిగేది. పరిచయం తలుపు ఆ ఒక్క మాటతో తెరుచుకుంటుంది. మగ జూనియర్లకు ఆ మాట దొరకడం నేను చాలాసార్లు చూశాను.

ఇక డబ్బు. లాయరుగా పేరు నమోదు చేసుకునే ఎన్‌రోల్‌మెంటు ఫీజు ఇప్పుడు భారం కాదు. జనరల్ వాళ్లకు 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలకు మించి తీసుకోకూడదని 2024 జులై 30న సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. భారమంతా ఆ తర్వాతి మూడేళ్లదే. జూనియర్‌కి జీతం ఇవ్వాలని ఏ చట్టంలోనూ లేదు. 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా పట్టణాల్లో నెలకు 20,000, పల్లె ప్రాంతాల్లో 15,000 స్టైపెండ్ ఇవ్వమంది. అది సలహా మాత్రమే. మన రాష్ట్రంలో 2019 డిసెంబర్ 3న లా నేస్తం పేరుతో కొత్త లాయర్లకు మూడేళ్ల పాటు నెలకు 5,000 రూపాయల పథకం మొదలుపెట్టారు. కావలి నుంచి రోజూ రైల్లో వచ్చిన ఒక జూనియర్‌కి ఆ డబ్బు ఎంత ఆసరా అయ్యిందో నాకు తెలుసు. సొంత డబ్బుతో పుస్తకం కొనుక్కున్న రోజు ఆ అమ్మాయి ముఖం చూడాలి.

ఈ మూడేళ్లూ చేతికి సంపాదన రాదు. కొడుకైతే "నిలదొక్కుకుంటున్నాడు" అంటారు. కూతురైతే "ఇంకా ఏం రావట్లేదా?" అంటారు. ఇరవై నాలుగేళ్లకు ఎన్‌రోల్ అయితే ఈ లెక్క తేలేసరికి ఇరవై ఏడు. మన ఒంగోలు, నెల్లూరు ఇళ్లలో సంబంధాలు గట్టిగా చూసేది సరిగ్గా అప్పుడే.

డబ్బు కన్నా పెద్ద అడ్డు సాయంత్రం. బయటివాళ్లకు ఇది తెలియదు. ప్లీడరు పని కోర్టులో కనిపిస్తుంది కానీ నేర్చుకునేది ఆఫీసులో. సీనియర్ల ఆఫీసులు చాలావరకు వాళ్ల ఇంటి ముందుగదుల్లోనే ఉంటాయి. సాయంత్రం ఆరింటికి తెరుస్తారు. ఆరు నుంచి ఎనిమిది దాకా క్లయింట్లు. వాళ్లు వెళ్లాక సీనియర్ కుర్చీలో వెనక్కి వాలి, ప్లెయింట్ (దావా పత్రం) డిక్టేట్ చేస్తారు, ఈ సాక్షిని ఎందుకు వదిలేయాలో చెబుతారు, ఎదుటి లాయరు బలహీనత ఎక్కడుందో చెబుతారు. అసలు పాఠం ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర మధ్య జరుగుతుంది. అమ్మాయిని ఏడింటికే "నువ్వెళ్లమ్మా, చీకటి పడింది" అని పంపేస్తారు. ప్రేమతో అనేదే ఆ మాట, నాకూ అన్నారు. పెళ్లయిన అమ్మాయికైతే ఇంట్లో పిల్లల హోంవర్కు, వంట కూడా అదే వేళకి. రోజుకి గంటన్నర పాఠం పోతే ఐదేళ్లలో ఎంత పోయినట్టు? ఐదేళ్లయ్యాక ఇద్దర్నీ పక్కన నిలబెట్టి "అబ్బాయికి పని బాగా వచ్చు" అంటే, అవును, వచ్చు.

తర్వాతి మలుపు కేసుల పంపకం దగ్గర. ఆడ లాయరంటే ఆడవాళ్ల కేసులు అనేది ఒక అలవాటు. విడాకులు, గృహహింస, మనోవర్తి. మనోవర్తి కేసు పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125 సెక్షన్ కింద వేసేవాళ్లం, 2024 జులై 1 నుంచి కొత్త చట్టంలో 144. ఈ కేసులు చిన్నవని నేను అనను. కట్టుబట్టలతో బయటికొచ్చిన మనిషికి నెలకు ఆరువేలు ఇప్పించడం కన్నా గొప్ప పని కోర్టులో ఏముంది? కానీ ఆవిడ దగ్గర ఫీజు ఎక్కడిది? ఆఫీసు అద్దె, గుమాస్తా జీతం కట్టగలిగే ఫీజు వేరే చోట ఉంది. కృష్ణపట్నం వైపు భూసేకరణ పరిహారం కేసులు, రొయ్యల గుంటల లీజులు, చీమకుర్తి గ్రానైట్ లావాదేవీలు, ఒంగోలు పొగాకు వ్యాపారంలో చెల్లని చెక్కులు. ఈ ఫైళ్లు మా దాకా రావడం అరుదు.

వీటిలోకి వెళ్లడానికి ఒక చిన్న సందు ఉంది. అడ్వకేట్ కమిషనర్ పని. హద్దు తగాదా వస్తే కోర్టు ఒక లాయర్ని కమిషనర్‌గా వేసి, వెళ్లి చూసి రిపోర్టు ఇవ్వమంటుంది. ఫీజు ఎంతో కోర్టే చెబుతుంది, కమిషన్ అడిగినవాళ్లు కట్టాలి. జూనియర్లకు అన్నం పెట్టే పని ఇది. అమ్మాయిలకు ఎక్కువగా సాక్ష్యం రికార్డు చేసే కమిషన్లే వస్తుంటాయి, పొలం మీదికి పంపాలంటే "పాపం, ఎండలో ఏం తిరుగుతుంది" అనుకుంటారు.

రెండేళ్ల కింద నా జూనియర్‌కి కొడవలూరు వైపు ఒక పొలం కమిషన్ వచ్చింది. నేనూ కారులో వెళ్లాను, దిగలేదు. కోత అయిపోయిన కయ్యలు, పదకొండింటి ఎండ. సర్వేయరు ఎఫ్.ఎం.బి. స్కెచ్ (పొలం కొలతల పటం) పట్టుకుని నిలబడ్డాడు. రెండు పక్కల మనుషులూ ఉన్నారు. ఒక పెద్దాయన అన్నాడు, "గెనిమ మీద యాడ తిరుగుతావు మా, చెట్టు కింద కూచో, సర్వేయరు చెప్పింది రాసుకో." తను "పర్లేదు పెద్దాయనా" అని చెప్పులు చేత్తో పట్టుకుని గెనిమ ఎక్కింది. నాలుగు మూలలూ తిరిగింది. ఈశాన్యం మూల హద్దురాయి లేదు. అందరూ అది ఎన్నో ఏళ్ల కిందే పోయిందన్నారు. పది అడుగుల అవతల పంటకాలువ గట్టు మీద ఒక రాయి పడి ఉంది. తను దాన్ని ఇద్దరు కూలీలతో పక్కకు దొర్లించింది. రాయి కింద గడ్డి ఇంకా పచ్చగా ఉంది. ఎన్నో ఏళ్ల నుంచి పడి ఉన్న రాయి కింద పచ్చగడ్డి ఉండదు. ఫొటో తీసింది, కొలత రాసింది, అక్కడే రెండు పక్షాల చేత సంతకాలు పెట్టించింది.

రిపోర్టు మీద అభ్యంతరాలు వచ్చాయి, కోర్టులో తననే బోనెక్కించి గంటసేపు ప్రశ్నించారు. ఆ గడ్డి ముందు ఏదీ నిలవలేదు. మరుసటి ఏడు ఆ ఊరి నుంచే ఇంకొక రైతు ఆఫీసుకొచ్చి "రాయి ఎత్తించి చూసిన మేడం ఉందా?" అని అడిగాడు. నన్నడగలేదు. ఊళ్లో పేరు పడడమంటే ఇదే, టీ బంకు దగ్గర నిలబడకుండానే పడింది. దానికి ముందు ఎవరో ఒక జడ్జి "ఈ అమ్మాయి పొలం మీదికి వెళ్లగలదు" అనుకుని ఆర్డరులో తన పేరు రాయాల్సి వచ్చింది.

కాన్పు సంగతి. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణతో సెలవు 26 వారాలైంది. అది ఉద్యోగులకు. జడ్జికి జీతంతో సెలవుంటుంది, తిరిగొచ్చేసరికి తన కుర్చీ తనకే ఉంటుంది. ప్లీడరుకు పై అధికారి లేడు, కాబట్టి సెలవూ లేదు. ఆరు నెలలు కనిపించకపోతే క్లయింట్లు వేరే లాయర్ని పెట్టుకోవడానికి నో అబ్జెక్షన్ రాయించుకుని ఫైళ్లు తీసుకెళ్లిపోతారు. నేను నా పాపతో ఇంట్లో ఉన్న ఐదు నెలల్లో పదిహేడు ఫైళ్లు పోయాయి. తిరిగొచ్చాక బీరువా తెరిస్తే ఖాళీ అరలు. పరీక్ష తలుపులో వెళ్లిన నా స్నేహితురాలికి, నాకు తేడా ఆ బీరువాయే. పెళ్లి ఇద్దరికీ అయ్యింది.

ఇప్పుడు ఈ రెండు తలుపుల్నీ కలిపిన తీర్పు గురించి చెప్పాలి. 2025 మే 20న సుప్రీంకోర్టు, సివిల్ జడ్జి పరీక్ష రాయాలంటే కనీసం మూడేళ్లు ప్రాక్టీసు చేసి ఉండాలని తీర్పిచ్చింది. ఒకప్పుడు ఈ షరతు ఉండేది, 2002లో తీసేశారు, మళ్లీ వచ్చింది. కారణం సరైందే. కోర్టు మెట్లెక్కని పిల్లలు నేరుగా బెంచి మీద కూర్చుంటే ఇబ్బందులు నేనూ చూశాను. ప్రొవిజనల్‌గా (తాత్కాలికంగా) ఎన్‌రోల్ అయిన రోజు నుంచే లెక్కిస్తారు, జడ్జి దగ్గర లా క్లర్కుగా చేసిన కాలం కూడా కలుపుతారు. పదేళ్ల అనుభవమున్న లాయరు సర్టిఫికెట్ ఇవ్వాలి, దాన్ని జడ్జి ధ్రువీకరించాలి.

నా దిగులు ఎక్కడంటే, పరీక్ష తలుపు దగ్గరికి వెళ్లాలన్నా ఇక ముందు పరిచయం తలుపు దాటాలి. ఆ మూడేళ్లూ జీతం లేని మూడేళ్లు, సంబంధాలు చూసే మూడేళ్లు, ఏడింటికి ఇంటికి పంపేసే మూడేళ్లు. 36 శాతాన్ని తెచ్చిపెట్టిన దారికి మధ్యలో 15 శాతాన్ని మిగిల్చిన దారి అతుక్కుంది. ఈ మూడేళ్లను ఆడపిల్ల భరించగలిగేలా చేయకపోతే, పదేళ్ల తర్వాత ఆ 36 అలాగే ఉంటుందని నేను నమ్మలేను.

అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ పోస్టులదీ ఇదే తీరు. పోలీసు నియామక మండలి పరీక్ష పెడుతుంది, దానికీ మూడేళ్ల ప్రాక్టీసు కావాలి. న్యాయ సేవాధికార సంస్థ కింద నిందితుల తరఫున వాదించే డిఫెన్స్ కౌన్సిల్ పదవులకు నెలనెలా గౌరవ వేతనం ఉంటుంది, సెషన్స్ కేసులు నేర్చుకోవడానికి అంతకన్నా మంచి చోటు లేదు. ఆడపిల్లలు ఆ నోటిఫికేషన్లను వదులుకోకూడదు.

మా అమ్మాయిని జూనియర్‌గా చేర్పించాలి, ఏం చూడమంటారు అని తల్లిదండ్రులు నన్ను అడుగుతుంటారు. సీనియర్ ఎంత పేరున్నవాడో తర్వాత చూడండి. ఆఫీసులో డ్రాఫ్టింగ్, అంటే కోర్టు కాగితాలు రాయడం, ఏ వేళకి చెబుతారో ముందు అడగండి. సాయంత్రం ఎనిమిది తర్వాతే అంటే, ఉదయం ఏడింటికి గానీ శనివారం గానీ చెప్పడానికి వీలవుతుందా అని అడగండి, సిగ్గుపడొద్దు. నేను నా ఆఫీసులో కోర్టు అయ్యాక నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా డ్రాఫ్టింగ్ పెట్టుకున్నాను, క్లయింట్లని ఆ తర్వాతే రమ్మంటాను. ఆదాయమేం తగ్గలేదు. అమ్మాయి ఆరునెలలకు ఒక్క సాక్షినైనా స్వయంగా విచారించిందా, కమిషనర్ల జాబితాలో పేరు ఇచ్చుకుందా అనేవి చూస్తూ ఉండండి. ఆడవాళ్ల టాయిలెట్ ఎక్కడుందో కూడా అడగండి. అన్ని కోర్టుల్లోనూ అది విడిగా ఉండాలని 2025 జనవరి 15న సుప్రీంకోర్టు ఆదేశించాల్సి వచ్చిందంటే, అది చిన్న విషయం కాదని అర్థం.

అన్నిటికన్నా ముఖ్యం వకాల్తా, అంటే ఈ లాయరు నా తరఫున వాదిస్తారని క్లయింటు సంతకం చేసే కాగితం. సీనియర్ వేసే వకాల్తాలో జూనియర్ పేరు కూడా రాయించుకోవాలి. రాస్తే రికార్డులో పేరు ఉంటుంది, క్లయింటు ఆ పేరు చదువుతాడు, రేపు మూడేళ్ల ప్రాక్టీసుకి రుజువు అడిగితే అదే చూపించొచ్చు. రాయడానికి పైసా ఖర్చు లేదు.

నిన్న మా ఆఫీసు నుంచి ఒక కొత్త వకాల్తా దాఖలైంది. కోవూరు దగ్గర రొయ్యల గుంట లీజు తగాదా, పెద్ద దావానే. నా పేరు కింద పచ్చగడ్డి చూసిన అమ్మాయి పేరు, దాని కింద మొన్న మార్చిలో చేరిన కావలి అమ్మాయి పేరు. క్లయింటు మూడు పేర్లూ చదివి, "క్రాస్ ఎవరు చేస్తారు మేడం?" అన్నాడు. రెండో పేరు మీద వేలు పెట్టి చూపించాను.